పాత కారు నల్ల పొగ వదులుతోందా? సెన్సర్‌ని తిట్టకండి!

“దీన్ని అమ్మేద్దామనుకుంటున్నారా. మొన్న ఒకాయన ముప్పై వేలిస్తానన్నాడు.”

పోయిన వేసవిలో నకరికల్లు వెళ్లినప్పుడు బాబాయి అన్న మాట ఇది. వాకిట్లో ఇరవై ఏళ్ల నాటి పెట్రోల్ కారు. స్టార్ట్ చేస్తే చలిజ్వరం వచ్చినట్టు వణుకు. వెనక నల్ల పొగ, గుప్పుమని పెట్రోల్ వాసన. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ లైటు ఆరనే ఆరదు. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే బండి 10కి పడిపోయింది. విచిత్రం ఏంటంటే, అడ్డరోడ్డు దగ్గర హైవే ఎక్కి గట్టిగా తొక్కితే మాత్రం ఏ రోగమూ లేనట్టే పోతుంది!

అప్పటికే ఒక షాపులో ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. ఇంకో షాపులో ప్లగ్గులు మార్చి, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు. తొమ్మిది వేలు వదిలాయి. వారం తిరక్కుండానే మళ్లీ అదే పొగ. నాయనమ్మను నెలనెలా నరసరావుపేట ఆస్పత్రికి తీసుకెళ్లేది ఈ కారే. అది పోతే ఆ వయసులో ఆవిడ బస్సు మెట్లు ఎక్కాలి. అందుకే అమ్మాలంటే బాబాయికి మనసొప్పడం లేదు.

ఇంతకీ అసలు దొంగ ఎవరు? అది తెలియాలంటే ముందు మిక్చర్ సంగతి తెలియాలి.

స్క్రూ పోయింది, కంప్యూటర్ వచ్చింది

కట్టెల పొయ్యి గుర్తుందా? గాలి ఆడకపోతే పొగ చూరుతుంది. అమ్మమ్మ గొట్టంతో ఊదగానే మంట భగ్గుమంటుంది. ఇంజిన్‌దీ అదే లెక్క. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోల్ ఎక్కువైతే ‘రిచ్’. గాలి ఎక్కువైతే ‘లీన్’.

కార్బురేటర్ రోజుల్లో మెకానిక్ చెవితో విని, స్క్రూ తిప్పి మిక్చర్ సెట్ చేసేవాడు. 1998లో సాంత్రో ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌తోనే వచ్చింది. ఆ తర్వాత మారుతి 800 కూడా అదే దారి పట్టింది. ఇప్పుడు ఆ పని ఈసీయూ అనే చిన్న కంప్యూటర్‌ది. గాలి ఎంత వస్తోంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది అని సెన్సర్లను అడుగుతుంది. దాన్నిబట్టి ఇంజెక్టర్‌ని ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో లెక్కేస్తుంది. సైలెన్సర్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్, మండిన తర్వాత ఫలితం ఎలా ఉందో చెబుతుంది. ఆ మాట విని ఈసీయూ తన లెక్కను సరిచేసుకుంటుంది.

అది చూసేది పెట్రోల్‌ని కాదు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆక్సిజన్ సెన్సర్ పెట్రోల్‌ని చూడలేదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని మాత్రమే చూస్తుంది. ఒక ప్లగ్ సరిగ్గా స్పార్క్ ఇవ్వకపోతే మండని గాలి అలాగే బయటికొస్తుంది. అప్పుడు సెన్సర్ ‘లీన్’ అంటుంది. సెన్సర్‌కి ముందు పైపు చిల్లు పడి బయటి గాలి దూరినా అదే మాట. నిజంగా లీన్ కాకపోయినా ఈసీయూ నమ్మేసి పెట్రోల్ పెంచుతుంది.

అంటే లైటు వెలిగితే చెడిపోయింది సెన్సరే అని కాదు. అది వార్త మోసుకొచ్చిన పోస్ట్‌మ్యాన్ కావచ్చు. ఉత్తరంలో చెడువార్త ఉందని పోస్ట్‌మ్యాన్‌ని మారిస్తే ఏం లాభం?

ఎప్పుడు ఇబ్బంది పెడుతోంది?

పార్టులు మార్చే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. స్కానర్ ఉంటే ‘ఫ్యూయల్ ట్రిమ్’ అనే అంకె చూడండి. ఈసీయూ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోల్ కలుపుతోందో (ప్లస్), ఎంత తగ్గిస్తోందో (మైనస్) అది చెబుతుంది. పది లోపు అటూఇటూ ఉంటే పెద్దగా కంగారు లేదు. ఇరవై దాటితే ఏదో తేడా ఉన్నట్టే. దాన్ని ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి, రోడ్డు మీద లాగేటప్పుడు ఒకసారి చూడాలి.

• ఐడ్లింగ్‌లో బాగుండి, లాగేటప్పుడు ప్లస్‌లోకి ఎగబాకితే: పెట్రోల్ చాలడం లేదు. ఫ్యూయల్ ఫిల్టర్, పంపు ప్రెజర్ చూడాలి.

• ఐడ్లింగ్‌లో ప్లస్ ఎక్కువై, రేజ్ చేస్తే తగ్గితే: ఎక్కడో దొంగగాలి దూరుతోంది. అయితే గాలిని కాకుండా ప్రెజర్‌ని కొలిచే ‘మ్యాప్’ సెన్సర్ ఉన్న కార్లలో దొంగగాలి వల్ల ట్రిమ్ పెద్దగా మారదు, ఐడ్లింగ్ పెరుగుతుంది.

• ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటే: రిచ్. కారే ఇంజెక్టర్, చిరిగిన ప్రెజర్ రెగ్యులేటర్, అబద్ధం చెప్పే టెంపరేచర్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోండి.

మన దేశంలో ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013లో. అంతకంటే పాత కారుకి ఆన్‌లైన్లో కొన్న బ్లూటూత్ స్కానర్ కనెక్ట్ కాకపోవచ్చు. అన్ని కంపెనీల కార్లకూ పనికొచ్చే స్కానర్ ఉన్న షాపుకే వెళ్లాలి.

రూపాయి ఖర్చు లేని టెస్టులు

ప్లగ్గులు విప్పి చూడండి. లేత గోధుమ రంగు అయితే ఓకే. పొడి నల్లటి మసి ఉంటే రిచ్. బాగా తెల్లగా ఉంటే లీన్.

పొల్యూషన్ సర్టిఫికెట్ పారేయకండి. అందులో ‘సీఓ’ అంకె ఉంటుంది. బీఎస్-2, బీఎస్-3 పెట్రోల్ కార్లకు అది 0.5 శాతం దాటకూడదు. దాటిందంటే రిచ్ అయ్యే అవకాశం ఎక్కువ. సీఓ తక్కువగా ఉండి ‘హెచ్‌సీ’ ఎక్కువైతే ఏదో సిలిండర్ మిస్ కొడుతుండొచ్చు.

ఇంజిన్ ఆపి, చల్లారాక, ప్రెజర్ రెగ్యులేటర్‌కి వెళ్లే సన్న వాక్యూమ్ గొట్టం తీసి చూడండి. లోపల పెట్రోల్ తడి ఉంటే రెగ్యులేటర్ పోయినట్టే.

ఒక హెచ్చరిక. రిచ్‌గా నడిచే కారుని మూసిన షెడ్డులో ఆన్‌లో ఉంచకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

మన ఎండలు, మన అలవాట్లు

రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా తెలుసు. పల్నాడు వేడికి పాత రబ్బరు గొట్టాలు అప్పడంలా పెళుసెక్కుతాయి. ఇంకో అలవాటు ఉంది: ‘వేడెక్కుతోంది’ అని థర్మోస్టాట్ వాల్వ్ పీకేయడం. అప్పుడు ఇంజిన్ తొందరగా వేడెక్కదు. ‘ఇంకా చల్లగానే ఉంది’ అనుకుని ఈసీయూ అదనపు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. మైలేజ్ అక్కడే పోతుంది.

ఇప్పుడు ఇ20 పెట్రోల్ కూడా వచ్చింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిక్చర్ కాస్త లీన్ వైపు జరుగుతుంది. ఆక్సిజన్ సెన్సర్ బాగుంటే ఈసీయూ సర్దుకుంటుంది. కానీ లీటర్ ఇథనాల్‌లో వేడి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, అందుకే మైలేజ్ కొంత తగ్గుతుంది. పాత రబ్బరు భాగాల మీద కూడా ఓ కన్నేయాలి. అయితే ఇ20 వల్ల నల్ల పొగ మాత్రం రాదు. అది కనిపిస్తే తప్పు బంకుది కాదు, బండిదే.

దొరికిన దొంగ

మళ్లీ బాబాయి కారు దగ్గరికొద్దాం. ప్లగ్గులు నల్లగా ఉన్నాయి. నరసరావుపేటలో స్కానర్ పెట్టిస్తే ఐడ్లింగ్‌లో ట్రిమ్ మైనస్ 22. గట్టిగా లాగేటప్పుడు మైనస్ 5. అంటే సెన్సర్ మొదటి నుంచీ నిజమే చెబుతోంది: “బాబూ, పెట్రోల్ ఎక్కువైంది!”

ఐడ్లింగ్‌లోనే ఎందుకు ఎక్కువ? అక్కడే దొరికింది క్లూ. మ్యానిఫోల్డ్ నుంచి మ్యాప్ సెన్సర్‌కి వెళ్లే వేలెడంత రబ్బరు గొట్టం అడుగున పగిలింది. ఐడ్లింగ్‌లో లోపల పీల్చుడు బాగా ఉంటుంది. పగులులోంచి బయటి గాలి దూరేసరికి సెన్సర్‌కి ప్రెజర్ ఎక్కువ కనిపించింది. ‘డ్రైవర్ గట్టిగా తొక్కుతున్నాడు’ అనుకుని ఈసీయూ పెట్రోల్ కుమ్మరించింది. నిజంగానే గట్టిగా తొక్కితే లోపలి ప్రెజర్, బయటి ప్రెజర్ దాదాపు ఒకటే. కాబట్టి తేడా తెలియలేదు. హైవే మీద కారు బాగుండటానికి కారణం అదీ!

కొత్త గొట్టం 120 రూపాయలు. ఈసీయూ మెమరీ క్లియర్ చేయించాం. వణుకు పోయింది, లైటు ఆరింది. ఇంకొన్నాళ్లు అలాగే తిప్పి ఉంటే మండని పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌ని పలచన చేసేది. క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేసేది. అప్పుడు బిల్లు వేలల్లో ఉండేది.

ఈసారి మీ బండికి లైటు వెలిగితే “ఏ పార్టు మార్చాలి?” అని అడగొద్దు. “ఎప్పుడు ఇలా చేస్తోంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? నిలబడినప్పుడా, లాగేటప్పుడా?” అని ఫోన్‌లో నోట్ చేసుకోండి. మెకానిక్‌కి అది చూపించండి. సగం రిపేర్ అక్కడే అయిపోతుంది.

ముప్పై వేల ఆసామి మళ్లీ ఫోన్ చేశాడట. “మా అమ్మని ఆస్పత్రికి నువ్వు తీసుకెళ్తావా?” అన్నాడట బాబాయి.