కంప్యూటరులో తెలుగు వ్రాత నిలుచుటెట్లు?

నెల్లూరు జిల్లా పశ్చిమభాగమున ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో శిలలపైనను రాగిరేకులపైనను చెక్కిన శాసనములు పెక్కు గలవు. బట్టర్‌వర్తు దొరగారును వేణుగోపాల్ చెట్టిగారును వానిని జిల్లాలోని యితర శాసనములతో కూడ సమకూర్చి, 1905వ సంవత్సరమున మూడు సంపుటములుగా ప్రకటించిరి. వందల యేండ్ల క్రిందట చెక్కిన యక్షరములను ఆ లిపి నేర్చినవారు నేటికిని చదువగలుగుచున్నారు. అట్లుండగా, ఇరువది యేండ్ల క్రిందట కంప్యూటరులో వ్రాసి దాచిన తెలుగు పత్రమును నేడు తెఱచినచో, తెలుగునకు మారుగా ఆంగ్లాక్షరములును చుక్కలును గీతలును కలగాపులగముగా కనబడుట తఱచు సంభవించుచున్నది. శిలపై నిలిచిన వ్రాత యంత్రములో నిలువకపోవుటకు కారణమేమి? దానికి నివారణోపాయమేమి? ఈ రెండు సంగతులను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తేటపఱచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

కంప్యూటరు అక్షరముల నెఱుగదు, సంఖ్యలనే యెఱుగును. మనము మీటను నొక్కినప్పుడు అది యొక సంఖ్యను దాచుకొనును. ఆ సంఖ్యకు తగిన రూపమును తెరపై చూపునది ఫాంటు. తెలుగునకు ప్రత్యేక సంఖ్యలు వాడుకలోనికి రాని కాలమున అచ్చుపనివారు ఒక యుపాయము పన్నిరి. ఆంగ్లాక్షరములకు ఏర్పడిన సంఖ్యలనే తీసికొని, ఆ స్థానములలో తెలుగు తలకట్లను, గుడులను, కొమ్ములను, వత్తులను అమర్చిరి. కంటికది తెలుగే, యంత్రమునకు మాత్రము ఆంగ్లము. ఆ ఫాంటు ఉన్నంతవఱకు చిక్కులేదు. అది లేని కంప్యూటరులో తెఱచిన తోడనే ముసుగు తొలగి ఆంగ్లాక్షరములు బయటపడును. ఉదయగిరిలో వ్రాసిన పత్రము ఆత్మకూరు చేరునప్పటికి చదువరానిదగుట ఇందువలననే.

ఈ చిక్కును తీర్చుటకే యూనికోడు ఏర్పడినది. లోకమందలి లిపులన్నిటికిని వేర్వేరు సంఖ్యలను నిర్ణయించిన క్రమమునకు ఇది పేరు. 1991వ సంవత్సరమున వెలువడిన మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానములు ఒసగబడెను. ‘క’కారమునకు 3093, పొల్లునకు 3149, ‘ష’కారమునకు 3127 అను సంఖ్యలు నియతములు. మనము ‘క్ష’ అని వ్రాసినచో ఈ మూడు సంఖ్యలును వరుసగా నిలుచును. వానిని కూర్చి సంయుక్తాక్షరముగా దిద్దుట ఫాంటు పని. ఫాంటును మార్చినచో అక్షరముయొక్క సొగసు మారును గాని అక్షరము మారదు.

ఇందువలని లాభములు చాల గలవు. ఇట్లు వ్రాసిన పత్రమును కంప్యూటరునందును చేతిఫోనునందును సమముగా చదువవచ్చును. నూఱు పుటలలో ఒక్క మాటను క్షణములో వెదకవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, కన్నులు లేనివారికి చదివి వినిపించు ఉపకరణములు యూనికోడు తెలుగును పలుకగలవు. పాత ఫాంటుల వ్రాతను పలుకలేవు. కావున మన వ్రాత పద్ధతి మన సౌకర్యమునకు మాత్రమే సంబంధించినది కాదు.

మీ యింటనున్న పత్రము ఏ విధమైనదో తెలిసికొనుట సులభము. దానిలో ఒక పంక్తిని ప్రతిచేసి, చేతిఫోనునకు సందేశముగా పంపి చూడుడు. తెలుగుగానే కనబడినచో అది యూనికోడు. ఆంగ్లాక్షరములు కనబడినచో పాత ఫాంటుది. అట్టి దానిని పాఱవేయవలదు. పాత వ్రాతను యూనికోడునకు మార్చు సాధనములు గలవు. అయితే మార్చిన పిదప మూలముతో అక్షరమక్షరము సరిచూడవలెను. వత్తులును దీర్ఘములును తాఱుమాఱగుట కలదు. సరిచూచువఱకు మూలమును చెఱుపరాదు.

క్రొత్తగా వ్రాయువారు విండోసు అమరికలలోని భాషల పట్టికలో తెలుగును చేర్చుకొనిన చాలును. తరువాత విండోసు గుర్తుగల మీటను, స్పేసు మీటను కలిపి నొక్కినచో ఒక భాషనుండి మఱియొక భాషకు మాఱవచ్చును. భారత ప్రభుత్వమువారు 1986లో ఏర్పఱచిన ఇన్‌స్క్రిప్టు క్రమమునందు అచ్చులు ఎడమచేతికిని హల్లులు చాలవఱకు కుడిచేతికిని వచ్చును. ‘క’కారము తెలుగునకును హిందీకిని ఒక్క మీటయందే యుండును గనుక, ఒకమాఱు నేర్చిన విద్య రెండు భాషలకు పనికివచ్చును. ఆంగ్లాక్షరములతో ఉచ్చారణ ననుసరించి వ్రాయగోరువారికి లేఖిని మొదలగు సాధనములు గలవు. పెద్దలకు రెండవ మార్గము తేలిక. పిల్లలు మొదటిదానినే నేర్చుకొనుట మేలని మా యభిప్రాయము.

వ్రాతకై 2010లో ఆరంభమైన లిబ్రెఆఫీసు ఉచితముగా లభించును. మైక్రోసాఫ్టు వర్డునందును తెలుగు చక్కగా సాగును. ఇంటి యుత్తరములకును పాఠశాల పనులకును మొదటిది చాలునని మాకు తోచుచున్నది. అచ్చునకు పంపునప్పుడు పత్రమును పీడీఎఫ్‌గా మార్చి పంపవలెను. ఫాంటు దానిలోనే యిమిడియుండును గనుక అచ్చుశాలలో రూపు చెడదు. దిద్దుకొనుటకు వీలైన మూలపత్రమును మాత్రము మనయొద్ద ఉంచుకొనవలెను.

యంత్రములోని మృదూపకరణములను కాలానుగుణముగా నవీకరింపవలెను. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరమును, నడుమ కంటికి కనబడని గుర్తుతో, సందేశముగా అందుకొనిన ఐఫోనులు స్తంభించిపోయెను. తప్పు అక్షరమునది కాదు, దానిని చిత్రించు ఉపకరణముది. ఆపిల్ సంస్థవారు ఆ నెల 19వ తేదీననే సవరణను వెలువరించిరి. నవీకరించుకొనినవారికి బాధ తొలగినది. విండోసు 10నకు సాధారణమైన ఉచిత సంరక్షణము 2025 అక్టోబరు 14తో ముగిసినది. క్రొత్త విండోసునకు చాలని పాత యంత్రముగలవారు దానిని పాఱవేయక, ఉచితముగా లభించు లినక్సును నిలుపుకొనవచ్చును.

కడపట నొక మాట. ఒక్క చోటనే దాచినది దాచనిదానితో సమానము. ముఖ్యమైన పత్రమును కంప్యూటరునందు ఒకటియు, పెన్‌డ్రైవునందు ఒకటియు, వేఱొక యూరి బంధువులయొద్ద ఒకటియు ఉంచుట వివేకము.

విద్యార్థులారా, మీ తాతలు చెప్పు గ్రామచరిత్రలును, మీ అవ్వలు పాడు పాటలును వ్రాసిపెట్టువారు మీరే. ఈ సెలవులలో ఒక్క పుటయైనను యూనికోడు తెలుగులో వ్రాసి, మూడుచోట్ల దాచుడు. మీ మనుమలు దానిని తెఱచినప్పుడు అది తెలుగుగానే కనబడవలెను.