ట్యాంకు మూత చుట్టూ రంగు ఎందుకు లేస్తుంది?

రంగు వేసి సరిగ్గా మూడు వారాలు. బంకులో కుర్రాడు ఫుల్ కొట్టి గన్ను బయటికి లాగుతుంటే దాని ముక్కు నుంచి నాలుగు చుక్కలు ట్యాంకు మీద పడ్డాయి. గుడ్డతో తుడిచాను. గుడ్డకి నలుపు అంటింది. ఇంటికొచ్చి చూస్తే మూత చుట్టూ పాల మీద మీగడ కట్టినట్టు ముడతలు. రెండు ఆదివారాల పని, భుజం నొప్పి, అరుగంతా పాడుచేశానని అమ్మ పెట్టిన చీవాట్లు, అన్నీ ఆ నాలుగు చుక్కలకే పోయాయి.

బండి నాన్నది, 2004 నాటి స్ప్లెండర్. కొత్తది కొందామంటే వినడు. కనీసం రంగైనా వేద్దామని నేనే దిగాను. ముడతలు పడ్డ ట్యాంకుని విజయవాడ ఆటోనగర్‌లో రంగులు కొట్టే ఒక బాబాయ్ ముందు పెడితే, మూత దగ్గర గోటితో గీకి, "డబ్బా స్ప్రేనా అబ్బాయ్?" అన్నాడు. అవునన్నాను. "పైన లాకరు కూడా డబ్బాదేనా?" అదీ అవునన్నాను. ఇంకేం అడగలేదు. దూది తీసి థిన్నర్‌లో ముంచి నా ట్యాంకు మీద ఓ క్షణం ఆనించాడు. రంగు దూదికొచ్చేసింది. ఇంకో దూది ముంచి, పక్కన వారం క్రితం తను కొట్టి పెట్టిన ట్యాంకు మీద రుద్దాడు. దూది తెల్లగానే ఉంది.

ఈ తేడా ఎందుకు? ఆ రెండు రంగులూ ఆరే తీరే వేరు. మామూలు స్ప్రే డబ్బాలో ఉండే లాకరు బెల్లం పాకం లాంటిది. అందులోని ద్రావకం ఎగిరిపోతుంది, మిగిలింది గట్టిపడుతుంది, అంతే. బెల్లం గడ్డ మీద నీళ్ళు పోస్తే మళ్ళీ కరిగినట్టు, ఈ పొర మీద థిన్నరో పెట్రోలో పడితే మళ్ళీ మెత్తబడుతుంది. బాబాయ్ వాడేది సిమెంటు లాంటిది. లాకర్లో హార్డ్‌నర్ కలుపుతాడు, రెండూ రసాయనికంగా ముడిపడి గట్టిపడతాయి. గట్టిపడ్డాక సిమెంటు నీళ్ళకి కరగనట్టే, అదీ పెట్రోలుకి కరగదు. మొదటిదాన్ని వన్ కే అనీ, రెండోదాన్ని టూ కే అనీ దుకాణాల్లో అడుగుతారు. సైడ్ ప్యానెల్ మీద, మడ్‌గార్డు మీద పెట్రోలు పడదు కాబట్టి అక్కడ వన్ కే నాలుగేళ్ళైనా ఉంటుంది. మూత చుట్టూ మాత్రం నిలవదు.

అయితే ఇంట్లోనే టూ కే కొట్టేస్తే పోలేదా? అడుగున మీట నొక్కితే లోపల హార్డ్‌నర్ కలిసే స్ప్రే డబ్బాలు కూడా దొరుకుతున్నాయి. కానీ ఆ హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. తుంపరగా గాల్లో తేలుతున్నప్పుడు పీలిస్తే అవి ఊపిరితిత్తుల్ని రెచ్చగొడతాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం వస్తుంది. వాసన తెలిసేసరికే పరిమితి దాటిపోయి ఉంటుంది కాబట్టి ముక్కుని నమ్ముకోలేం. కరోనా నాటి మాస్కు దీనికి పనికిరాదు. బయటి నుంచి పైపుతో మంచి గాలి అందించే ముసుగు కావాలి. పెరట్లో పిల్లలు, వరండాలో ముసలివాళ్ళు ఉండే ఇంట్లో ఆ పని చేయకూడదనే నేను తేల్చుకున్నాను.

అరుగు మీద డబ్బాతో రంగు వేయగలుగుతున్నామంటే దాని వెనక వందేళ్ళ కథ ఉంది. 1920లకి ముందు కారుకి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్‌తో త్వరగా ఆరే లాకరు తయారుచేసి 1923లో డ్యూకో అన్న పేరుతో తెచ్చింది. మన పెయింటర్లు ఇప్పటికీ "డ్యూకో కొట్టాలా?" అని అడిగేది ఆ పేరుతోనే. ఇక స్ప్రే డబ్బా 1949లో ఎడ్వర్డ్ సీమోర్ చేతిలో పుట్టింది. అల్యూమినియం రంగుని డబ్బాలో గ్యాసుతో కలిపి చిమ్మితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయన భార్య బానీది.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు రంగు కంటే దాని కింద జరగాల్సిన పని మీద కూర్చున్నాను. ముందుగా ట్యాంకు. పెట్రోలు తీసేశాం కదా, ఇక భయం లేదనుకోవడం పొరపాటు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. గాలిలో సుమారు ఒకటిన్నర శాతం పెట్రోలు ఆవిరి చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ వంటింటి స్టవ్వు దాకా, తులసికోట దీపం దాకా వెళ్తుంది. అందుకే ట్యాంకుని ఆరుబయటే దించి, పెట్రోలుని మూతున్న డబ్బాలోకి వంపి, ట్యాంకు మూత తీసి నీడలో ఒక రోజు ఉంచాను. తర్వాత మూతకీ కాక్ రంధ్రానికీ గుడ్డ కుక్కి టేపు వేశాను.

తర్వాత కడగడం. మామూలుగా కడిగితే చాలదా అంటారు. మన బండ్ల మీద ఏమేం ఉంటాయో ఒకసారి ఆలోచించండి. దసరాకి పెట్టిన పసుపూ కుంకుమా, సర్వీసింగ్‌లో మెరుపు కోసం కొట్టిన డీజిలు, పాలిష్‌లో ఉండే సిలికాన్, తలకి రాసుకుని తుడుచుకోని చేతి కొబ్బరినూనె. నూనె ఉన్నచోట రంగు పరుచుకోదు, చుట్టూ వెనక్కి జరిగి చిన్న చిన్న గుంటలు పడతాయి. పెయింటర్లు వీటిని చేపకళ్ళు అంటారు. గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు కడిగి, ఆరాక రేకు భాగాలని థిన్నర్ గుడ్డతో తుడిచాను. ఆ గుడ్డని ప్లాస్టిక్ ప్యానెల్ మీద పెట్టకండి. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, కొన్నైతే పగుళ్ళిస్తాయి. దానికి సబ్బునీళ్ళే చాలు. కడిగిన తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోవద్దు.

ఇక రుద్దడం. అసలు పని ఇదే. అద్దంలా ఉన్న పాత రంగుని గీకి పాడుచేయడం ఎందుకని మా అమ్మ అడిగింది. నున్నబడ్డ రోలుకి గాట్లు పెట్టించేవాళ్ళం కదా, ఇదీ అంతే అన్నాను. నున్నటి రోట్లో పప్పు జారిపోయినట్టే, నున్నటి రంగు మీద కొత్త రంగు కూర్చోదు. 400 నంబరు వాటర్ పేపర్‌ని పాత హవాయి చెప్పు ముక్కకి చుట్టి, సబ్బునీళ్ళలో తడుపుతూ, మెరుపు పూర్తిగా చచ్చేదాకా రుద్దాలి. వేళ్ళతో నేరుగా రుద్దితే వేళ్ళ కింద లోతు, మధ్యలో ఎత్తు మిగులుతాయి. చెప్పు ముక్క ఆ ఒత్తిడిని సమానంగా పంచుతుంది. కంపెనీ రంగు గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని పూర్తిగా తీయక్కర్లేదు, కొత్త రంగుకి దానికంటే మంచి పునాది దొరకదు. తుప్పు ఉన్నచోట, పెచ్చులు లేచినచోట మాత్రం మెరిసే ఇనుము కనిపించేదాకా పోవాలి. నా పాత వన్ కే పొర మొత్తాన్నీ థిన్నర్‌తో ఎలాగూ కడిగేశాను. ఇనుము బయటపడిన రోజే ప్రైమర్ పడాలి. నేను రేపు చూద్దామని వదిలేస్తే, తెల్లారేసరికి నా బొటనవేలి ముద్ర గీతలతో సహా గోధుమరంగులో తుప్పై కనిపించింది.

సొట్ట ఉంటే లప్పం. గోరంత హార్డ్‌నర్ కలిపితే ఐదారు నిమిషాల్లో గట్టిపడిపోతుంది కాబట్టి నిమ్మకాయంత ముద్ద మించి కలపకండి. లప్పాన్ని పొడిగానే రుద్దాలి. తడిపితే అది నీళ్ళు తాగి దాచుకుంటుంది, ఎండాకాలంలో ఆ నీరు ఆవిరై రంగుని పొక్కులుగా పైకి తోస్తుంది. సమానంగా వచ్చిందో లేదో కంటికి తెలియదు. దానికి బాబాయ్ చెప్పిన కిటుకు ఒకటుంది. లప్పం మీద నల్ల స్ప్రేని దూరం నుంచి దుమ్ములా చల్లి, ఆరాక మళ్ళీ రుద్దాలి. ఎత్తుగా ఉన్నచోట నలుపు వెంటనే పోతుంది, పల్లంలో చుక్కలుగా మిగులుతుంది. మొదటిసారి రుద్దినప్పుడు నా ట్యాంకు చిరుతపులిలా తేలింది.

ప్లాస్టిక్ భాగాలకి ఒక్క మాట. ప్యానెల్ తిరగేస్తే లోపలివైపు చిన్న అక్షరాలు అచ్చై ఉంటాయి. ఏబీఎస్ అని ఉంటే రంగు బాగానే పడుతుంది. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్, దేన్నీ అంటనివ్వని జాతి. ముందు ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టకపోతే రంగు నెలలోనే అప్పడంలా ఊడొస్తుంది.

రంగు కొట్టడానికి ఏ కాలం మంచిది? సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, మంచు విడిపోయాక, పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో. ఎందుకంటే ద్రావకం ఎగిరిపోతూ వేడిని లాక్కుపోతుంది, పొర చల్లబడుతుంది. గాల్లో తేమ ఎక్కువుంటే అది ఆ చల్లటి పొర మీద చెమ్మగా చేరి రంగుని తెల్లగా పాలిపోయేలా చేస్తుంది. వానాకాలంలో వేసిన నలుపు బూడిదరంగులో కనిపించేది అందుకే. మే నెల ఎండలోనైతే తుంపర దారిలోనే ఆరిపోయి, చేత్తో నిమిరితే ఇసుకలా తగులుతుంది. ఇక దుమ్ము. అరగంట ముందు అరుగు కింద నేలకి కళ్ళాపి చల్లండి. ముగ్గు అక్కర్లేదు. ఫ్యాను ఆపేయండి.

డబ్బాని రెండు నిమిషాలు బాగా కుదపాలి. లోపలి గోళీ చప్పుడు వచ్చాక లెక్క మొదలుపెట్టండి. జానెడు దూరం నుంచి, చెయ్యి ఎక్కడా ఆగకుండా, ప్యానెల్ అంచుకి బయటే మొదలుపెట్టి బయటే ఆపాలి. మొదటి కోటింగ్‌కి కింద ప్రైమర్ కనిపిస్తూనే ఉండాలి. అది చూసి మనసు ఊరుకోదు, ఇంకాస్త కొడదామనిపిస్తుంది. అక్కడే కారిపోతుంది. పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మళ్ళీ ఆగి మూడోది. దూరం ఎక్కువైనా, రంగు చిక్కగా ఉన్నా పైన బత్తాయి తొక్కలా గుంటలు కనిపిస్తాయి. ఆరాక 1500, ఆపైన 2000 నంబరు కాగితంతో తడిపి రుద్ది, కాంపౌండ్ పెడితే పోతాయి. మధ్యలో దోమ అతుక్కుందనుకోండి, గోటితో తీయబోకండి. ఆరాక కాగితంతో రుద్దితే పోతుంది. నేను తీయబోయి దోమకి బదులు వేలిముద్ర మిగుల్చుకున్నాను.

రంగు ఎంచుకునే ముందు ఆర్సీ చూసుకోండి. అందులో బండి రంగు కూడా రాసి ఉంటుంది. అదే రంగు వేస్తే ఎవరూ అడగరు. మార్చాలంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఆలివ్ గ్రీన్ మాత్రం ముట్టుకోవద్దు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అది రక్షణ శాఖ బండ్లకే. మొదటిసారి చేసేవాళ్ళకి వెండి మెరుపు రంగులు కూడా వద్దనే చెబుతాను. అందులోని పలుకులు ఏ వైపు తిరిగి పడితే అటు వెలుగు మారుతుంది, చెయ్యి వేగం కాస్త తప్పినా మరక తెలిసిపోతుంది. నలుపైతే మన తప్పుల్ని కాస్త క్షమిస్తుంది, లప్పం తప్పుల్ని తప్ప.

ఈసారి సైడ్ ప్యానెళ్ళు, మడ్‌గార్డులు మొదటి నుంచి చివరిదాకా ఇంట్లోనే చేశాను. ట్యాంకుని ప్రైమర్ దాకా తెచ్చి, 800 కాగితంతో రుద్ది, దుప్పటిలో చుట్టి ఆటోనగర్ పట్టుకెళ్ళాను. రంగూ, పైన టూ కే లాకరూ బాబాయ్ కొట్టాడు. రుద్దుడు పని తనకి లేదు కాబట్టి కూలి సగమే తీసుకున్నాడు. మొదటిసారి చేయబోయేవాళ్ళకి నా సలహా కూడా ఇదే. ట్యాంకు పైపొర ఒక్కటి స్ప్రే బూత్ ఉన్న షాపులో కొట్టించండి, మిగతాదంతా మీరే చేయండి. నాన్న మాత్రం ఇప్పటికీ బంకులో ఫుల్ కొట్టించడం లేదు. మూడొందలకి పోయించి, గన్ను బయటికొచ్చేదాకా మూత చుట్టూ గుడ్డ పట్టుకుని నిలబడుతున్నాడు.