పెళ్లి మండపం తీరంలోనా, ఊళ్లోనా, కొండ మీదా?

ఉత్తరాంధ్రలో సంబంధం ఖాయమయ్యాక మండపం కోసం చూసేవాళ్లకు మూడు దారులు కనిపిస్తాయి. భీమిలి వైపు సముద్రపుటొడ్డున రిసార్టులు, విజయనగరం లాంటి ఊళ్లలో కల్యాణ మండపాలు, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన అరకు లోయ. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లే కాబట్టి సముద్రమూ మైదానమూ కొండా మూడూ చేతికందేంత దగ్గరే అనిపిస్తాయి. అందుకే చాలామంది ఫొటోలు చూసి ముందు అడ్వాన్సు కట్టేస్తారు. ముహూర్తం, బస్సులు, భోజనాలు ఆ మండపానికి సర్దుకోవాల్సి వస్తుంది. ఈ వరస మారాలి. ముందు పిలుపుల జాబితా, తర్వాత లగ్నం, ఆ తర్వాతే మండపం. ఎందుకో అంకెలే చెబుతాయి.

ఎవరు ఎంత దూరం రావాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆడపెళ్లివారిది విజయనగరం, వాళ్ల వైపు 350 మంది. మగపెళ్లివారిది విశాఖ, వాళ్ల వైపు 250 మంది. ఒక్కొక్కరు ఒకవైపు ఎన్ని కిలోమీటర్లు రావాలో లెక్కగట్టి, మొత్తం కూడదాం.

- విజయనగరంలో పెళ్లి: విశాఖవాళ్లు 250 మంది, 60 కిలోమీటర్లు. మొత్తం 15,000.
- భీమిలిలో పెళ్లి: రెండు ఊళ్ల నుంచీ దాదాపు 30 కిలోమీటర్లు. 600 మందికి 18,000.
- విశాఖలో పెళ్లి: విజయనగరంవాళ్లు 350 మంది, 60 కిలోమీటర్లు. మొత్తం 21,000.
- అరకులో పెళ్లి: విజయనగరం నుంచి సుమారు 100, విశాఖ నుంచి 115. మొత్తం 63,750.

మొత్తం చూస్తే విజయనగరమే మేలు. కానీ భీమిలిలో ఎవరికీ 30 కిలోమీటర్లకు మించి ప్రయాణం లేదు, భారం రెండు వైపులా సమానంగా పడుతుంది. వియ్యాలవారి మధ్య ఆ సమానత్వానికి విలువ ఉంది. అరకు లెక్క విజయనగరానికి నాలుగు రెట్లు పైనే, పైగా ఘాట్ రోడ్డు. రాత్రిపూట దిగి రావడం పెద్దవాళ్లకు కష్టం కాబట్టి అక్కడ విడిది తప్పనిసరి. 150 మంది వచ్చినా, గదికి ముగ్గురు చొప్పున 50 గదులు కావాలి. అరకు పెళ్లి అందమైనదే. కానీ అది 100, 150 మంది దగ్గరి చుట్టాలతో చేసుకుని, మిగతావాళ్లకు ఊళ్లో రిసెప్షన్ పెట్టుకోగలిగే కుటుంబాలకు సరిపడుతుంది. 600 మందినీ అక్కడికి పిలిస్తే రాలేనివాళ్లలో మొదట ఉండేది తాతలు, అమ్మమ్మలే.

లగ్నం ఎన్ని గంటలకు?

మన లగ్నాలు చాలా వరకు రాత్రివేళ పడతాయి. శబ్ద కాలుష్య నియంత్రణకు 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సంగీత వాద్యాలకూ ఆ గంటల్లో ఇదే కట్టడి. మూసి ఉన్న హాళ్లకు, లోపలి వారి వరకు, మినహాయింపు ఉంది. సాంస్కృతిక, మతపరమైన వేడుకలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇవ్వచ్చు. ఆ రోజుల్లో మీ పెళ్లి పడుతుందని అనుకోవడానికి లేదు.

అంటే లగ్నం రాత్రి 11 గంటలకో తెల్లవారుజాము 3 గంటలకో పడితే, ఇసుక తిన్నెల మీది మండపంలో జీలకర్ర బెల్లం వేళకు గట్టిమేళం మోగించడం నిబంధన దాటడమే. ఒడ్డున చేయాలనుకుంటే పగటి ముహూర్తమో, రాత్రి 10 లోపు ముగిసే ముహూర్తమో పెట్టించుకోండి. నడిరాత్రి లగ్నమైతే నాలుగు గోడల హాలు తీసుకోండి.

ఇందులోనే డబ్బు విషయం కూడా ఉంది. హాలు అద్దె ‘రోజుకు’ అంటారు. ఆ రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అడగాలి. లగ్నం తెల్లవారుజామున 2 గంటలకైతే తలంబ్రాలు, అప్పగింతలు అయ్యేసరికి తెల్లారిపోతుంది. ఉదయం 6కే ఖాళీ చేయాలన్న షరతు ఉంటే రెండో రోజు అద్దె మీద పడుతుంది.

ఏ మాసంలో?

ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే మాసాల్లో తీరానికి అన్నిటికంటే అనువైనవి మాఘ ఫాల్గుణాలు. అప్పుడు వాన తక్కువ, ఎండ ఇంకా ముదరదు. అక్టోబరు, నవంబరుల్లో పడే కార్తీక ముహూర్తాలు తుపాను కాలంలోకి వస్తాయి. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. తుపానే రానక్కర్లేదు. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. 20 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న స్టేజీ బ్యాక్‌డ్రాప్ మీద గంటకు 20 కిలోమీటర్ల గాలి దాదాపు 42 కిలోల బలంతో నెడితే, 40 కిలోమీటర్ల గాలి దాదాపు 170 కిలోల బలంతో నెడుతుంది. ఒడ్డున డెకరేషన్ వాళ్లను పువ్వుల రంగు అడిగే ముందు స్తంభాలను దేనికి కడతారో అడగాలి.

వైశాఖ జ్యేష్ఠాల్లో ఊళ్లో హాలుకు ఏసీ లెక్క ముఖ్యం. కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. 500 మంది అంటే 50 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి 3.5 కిలోవాట్లు. పైకప్పు, దీపాలు, తెరిచిన తలుపుల సంగతి అటుంచి, మనుషుల వేడికే 14 టన్నులు కావాలి. కరెంటు పోతే జనరేటరు మీద ఏసీలు నడుస్తాయా, ఫ్యాన్లు మాత్రమేనా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి. మార్గశిరంలో అరకు రాత్రులు వణికిస్తాయి. అక్కడ ఆరుబయట పీటల మీద కూర్చునే వధూవరులకు, పెద్దలకు అది చిన్న ఇబ్బంది కాదు.

బంతికి ఎంతమంది?

మండపం చూడటానికి వెళ్లినవాళ్లు స్టేజీ దగ్గర అరగంట నిలబడి, భోజనాల హాలును గుమ్మంలోంచి చూసి వచ్చేస్తారు. వచ్చినవాళ్లు పెళ్లిని గుర్తుపెట్టుకునేది మాత్రం భోజనాల దగ్గరే. వడ్డన, తినడం, ఆకులు తీసి తుడవడం కలిపి బంతికి 40 నిమిషాలు వేసుకోండి. 600 మందికి 150 కుర్చీలుంటే నాలుగు బంతులు, 2 గంటల 40 నిమిషాలు. 200 కుర్చీలుంటే మూడు బంతులు, 2 గంటలు. రాత్రి 7.30కి మొదలుపెడితే మొదటి హాలులో 10 దాటుతుంది, రెండోదాంట్లో 9.30కి అందరూ తినేస్తారు. బల్ల, కుర్చీ, వడ్డించేవాళ్లు నడిచే దారి కలిపి మనిషికి 12 చదరపు అడుగులు అనుకుంటే 200 మందికి 2,400 చదరపు అడుగులు. టేపు పట్టుకెళ్లి కొలవండి.

ఒడ్డు దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉండవచ్చు. ఆ నీళ్లలో పప్పు సరిగా ఉడకదు. వంటకు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో వంటమేస్త్రీతో కలిసి అడగాలి. పార్కింగ్‌కు సగం మంది, కారుకు నలుగురు చొప్పున వచ్చినా 75 కార్లు. తిరిగే దారితో కలిపి కారుకు 25 చదరపు మీటర్లు, అంటే 46 సెంట్ల స్థలం.

అద్దె వెనక ఉన్నవి

ప్రైవేటు మండపం అద్దె మీద జీఎస్టీ 18 శాతం. 3 లక్షలు అన్న అద్దె 3,54,000 అవుతుంది. ఆలయ ప్రాంగణంలో రిజిస్టరైన ధార్మిక సంస్థ నడిపే మండపం అద్దె రోజుకు 10,000 రూపాయల లోపు, గది అద్దె 1,000 లోపు ఉంటే ఆ పన్ను ఉండదు. విశాఖకు 120 కిలోమీటర్ల దూరంలో, సొంత రైల్వే స్టేషన్ ఉన్న అన్నవరంలో రత్నగిరి మీద పెళ్లి చేసి, సత్యనారాయణ వ్రతం కూడా అక్కడే చేయించే కుటుంబాలు ఎన్నో. తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో చేయాలనుకునేవారికి అది గౌరవమైన దారి.

కరెంటు యూనిట్ లెక్కా, డీజిల్ ఎవరిది, బయటి క్యాటరింగ్‌ను రానిస్తారా, తుపాను వస్తే అడ్వాన్సు వాపసా లేక తేదీ మార్పా అన్నవి రసీదు మీద రాయించుకోండి. చివరికి మొత్తం ఖర్చును పిలిచినవాళ్లతో కాకుండా, రాగలిగినవాళ్లతో భాగించండి. అప్పు చేసి తీసుకున్న మండపానికి సగం మందే చేరగలిగితే, మనిషికి పడిన ఖర్చు రెట్టింపైనట్టే. ఆ అప్పు తీర్చేది వధూవరుల తొలి సంసార సంవత్సరాలే. పెళ్లికి నిండుదనం తెచ్చేది వచ్చి, కడుపునిండా తిని, అక్షింతలు వేసి వెళ్లే మనుషులు. వాళ్లలో ఎక్కువమంది సుఖంగా చేరగలిగే చోటే మీ మండపం.