కొండను నిలబెట్టిన పన్నెండు పల్లెలు

వంశధార నీటితో మడి తడుపుకునే శ్రీకాకుళం రైతుకూలీ ఆ నీటిలో కొంత ఎక్కణ్ణించి వస్తోందో తెలుసుకోవాలి. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల నడుమ నియమగిరి కొండలున్నాయి. అక్కడి డోంగ్రియా కోందులకు ఆ కొండే నియమరాజు, అదే దేవుడు. వాలుల్లో పోడు కొట్టి చిరుధాన్యాలు, పసుపు, అల్లం, అనాస పండించుకుంటారు.

కొండ నెత్తిన బాక్సైట్ ఉంది. వాన నీరు ఆ పొరలోకి ఇంకి, ఎండాకాలంలో కూడా ఊటలై దిగుతుంది. రాయి తవ్వితే ఊట ఎండుతుంది. కోందులకు ఇది ఏ ఇంజనీరూ చెప్పనక్కర్లేదు.

2003లో ఒడిశా ప్రభుత్వం వేదాంత కంపెనీతో ఒప్పందం చేసుకుంది. గనికి తుది అనుమతి రాకముందే కొండ కింద లాంజిగఢ్‌లో అల్యూమినా ఫ్యాక్టరీ లేచింది. ఫ్యాక్టరీ కట్టేశాక గని ఇవ్వక ఏం చేస్తారన్నదే ఆ ధీమా! కోందులు కొండ దిగి ఊరేగింపులు తీశారు, దారులకు అడ్డం నిలిచారు. గిరిజనుల అటవీ హక్కులను కాలరాశారని సక్సేనా కమిటీ తేల్చింది. 2010 ఆగస్టులో కేంద్రం అనుమతి నిరాకరించింది.

రాష్ట్ర గనుల సంస్థ సుప్రీంకోర్టుకెక్కింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు తేల్చి చెప్పింది: ముందు గ్రామసభలను అడగండి. కొండ మీద వందకు పైగా పల్లెలుంటే ప్రభుత్వం పన్నెండింటినే ఎంచింది. జులై 18 నుంచి ఆగస్టు 19 దాకా, సాయుధ పోలీసుల నడుమ, జిల్లా జడ్జి ఎదుట సభలు జరిగాయి. ఆడా మగా లేచి తమ భాషలో మాట్లాడారు. పన్నెండుకు పన్నెండు పల్లెలూ గని వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనిని తిరస్కరించింది. మళ్లీ సభలు పెట్టించాలని 2016లో గనుల సంస్థ అడిగితే సుప్రీంకోర్టు వినలేదు.

ఆ పల్లెల చేతిలో ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం. అది మన ఏజెన్సీకీ వర్తిస్తుంది. కానీ చట్టం కాగితం మీద ఉంటే చాలదు. అవే రెండు జిల్లాల్లోని సిజిమాలి కొండ గని 2023లో వేలంలో అదే కంపెనీకి దక్కింది. గ్రామసభలు ఒప్పుకున్నాయంటూ చూపిన తీర్మానాలు దొంగవని అక్కడి జనం మొత్తుకుంటున్నారు.

అందుకే గ్రామసభ అని దండోరా వేసిన రోజు కూలి పోయినా సరే, సభకు పోవాలి. తీర్మానం బిగ్గరగా చదివించుకోవాలి. చదవని కాగితం మీద వేలిముద్ర వేయరాదు. నకలు ఊళ్లో ఉంచుకోవాలి. నియమగిరి నిలిచింది సభకు వచ్చిన మనుషుల వల్లనే.