బడి మానినవారికి పదవ తరగతి పరీక్ష

కర్నూలు జిల్లాలో ఆదోని, కోసిగి, ఆలూరు, పత్తికొండ ప్రాంతములనుండి ఏటేటా ఎన్నియో కుటుంబములు సుగ్గి పనులకై గుంటూరు సీమ మిరప చేలకును, కట్టడపు పనులకై బెంగుళూరు నగరమునకును తరలిపోవుచుండుట మన పంచాయతీ సభ్యులకు క్రొత్త సంగతి కాదు. వానలు తప్పిన యేడు ఈ వలస మరింత ముందుగా మొదలగును. తల్లిదండ్రుల వెంట పోయిన బాలుడు ఏడవ తరగతిలోనో, ఎనిమిదవ తరగతిలోనో ఆగిపోవును. తిరిగి వచ్చునప్పటికి తోడివారు రెండు తరగతులు దాటియుందురు. తనకంటె చిన్నవారి నడుమ కూర్చుండుటకు సిగ్గుపడి వాడు మరల బడి గడప త్రొక్కడు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము కర్నూలు జిల్లాలో అక్షరాస్యులు నూటికి సుమారు 60 మంది. స్త్రీలలో సగముమందికైనను చదువు లేదు. కడప జిల్లాలో అక్షరాస్యులు నూటికి సుమారు 67 మంది.

ఇట్లు బడి మానినవారికి పదవ తరగతి మార్గము శాశ్వతముగా మూసికొనిపోయినదని గ్రామములలో చాలమంది తలంచుచున్నారు. ఈ తలంపు సరికాదు. 14 సంవత్సరములు నిండిన వారెవరైనను, ఒక్క తరగతియైనను బడిలో చదివిన ఆధారము లేకున్నను, చదువను వ్రాయను వచ్చియున్నచో, పదవ తరగతి పరీక్షకు చేరవచ్చును. పై వయస్సునకు పరిమితి లేదు. ఈ యేర్పాటు మన రాష్ట్రమున 1991లో నెలకొల్పబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా జరుగుచున్నది. జనులు దీనిని ఓపెన్ స్కూలు అని వ్యవహరించుచున్నారు. దీని పదవ తరగతి పత్రము ఉద్యోగములకును, పై చదువులకును మామూలు పదవ తరగతి పత్రముతో సమానముగా చెల్లును.

బడికి పోకయే పరీక్షకు కూర్చుండుట మన దేశమునకు క్రొత్త కాదు. రాజమండ్రిలో 1909లో జన్మించిన దుర్గాబాయి గారికి చిన్నతనముననే పెండ్లి జరిగినది. స్వాతంత్ర్యోద్యమమున జైలునకు పోయి వచ్చిన పిమ్మట ఆమె ప్రైవేటుగా చదివి కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలైనది. అనంతరము న్యాయవాదియై రాజ్యాంగ సభలో సభ్యురాలైనది. మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ అదే పరీక్షకు మరెందరో స్త్రీలను సిద్ధపరచినది. ఆమె తొలి అధ్యక్షురాలుగా నుండిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యా తరగతులను ప్రారంభించినది. అమెరికా దేశమున చదువు మధ్యలో విడిచి సైన్యమున చేరినవారి కొరకు 1942లో ఇట్టి సమాన పరీక్షయే రూపొందింపబడి, నేటికిని సామాన్య జనులకు ఉపయోగపడుచున్నది.

పదవ తరగతి పత్రము లేకపోవుటవలన గ్రామమున కలుగు నష్టము ఎంతటిదో చూడుడు. అంగన్‌వాడీ కార్యకర్త పదవికి పదవ తరగతి ఉత్తీర్ణత యుండవలెను. అభ్యర్థిని ఆ గ్రామములో నివసించు వివాహిత కావలెను. ఊరిలో అట్టి స్త్రీ లేకున్నచో ఆ స్థానమును ఊరివారు నింపజాలరు. గ్రామ తపాలా సేవకుల నియామకము పదవ తరగతి మార్కులను బట్టియే జరుగుచున్నది. ఇక కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండి కువైట్ దేశమునకు పనికై పోవువారి సంగతి కలదు. 1983 నాటి వలసల చట్టము క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణులు కాని కూలీలు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు అట్టి దేశములకు పోవుటకు ముందు వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. ఈ తనిఖీ వారి రక్షణకై యేర్పడినదే గాని శిక్ష కాదు. కాని దీనిని తప్పించుకొనుటకై దొంగ పత్రములు కొని, విమానాశ్రయమున పట్టుబడి, అప్పు చేసిన సొమ్మంతయు పోగొట్టుకొనువారు కలరు. నిజమైన పత్రము పొందు మార్గము తమ మండలములోనే యున్నదని వారికి తెలియజెప్పువారు లేకపోయిరి.

సార్వత్రిక విద్యాపీఠమున చేరగోరువారు సంవత్సరమునకొకసారి ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తు చేయవలెను. దరఖాస్తు ఆన్‌లైనులోనే జరుగును. అధ్యయన కేంద్రములు సాధారణముగా ఉన్నత పాఠశాలలలో నుండును; అచ్చటి సమన్వయకర్త వివరములన్నియు తెలుపును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వెనుకబడిన తరగతులవారికి, అల్పసంఖ్యాకులకు, వికలాంగులకు రుసుములో రాయితీ కలదు. పాఠ్యపుస్తకములకు వేరుగా వెల చెల్లింప నక్కరలేదు. ఆదివారములందును, సెలవు దినములందును సుమారు 30 తరగతులు జరుపబడును. కూలి పనికి పోవువారికి ఈ తరగతులే ఆధారము. వీనిని మానివేసి పుస్తకమును పరీక్షకు ముందు తెరచినవారు గణితములోను, ఇంగ్లీషులోను తప్పుట సహజము.

పరీక్షకు ఐదు విషయములు కావలెను. వానిలో కనీసము ఒకటి భాష యుండవలెను. తెలుగు మాత్రమే గాక ఉర్దూ, కన్నడము మొదలగు భాషలును గలవు గనుక ఆదోని, ఆలూరు వైపు కన్నడ మాతృభాషగల వారికిని, కర్నూలు, కడప పట్టణముల చేరువనున్న ఉర్దూ కుటుంబములకును సౌకర్యముగా నుండును. మిగిలిన విషయములను గణితము, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము, అర్థశాస్త్రము, గృహవిజ్ఞానము, వాణిజ్యము మొదలగు వానినుండి ఎంచుకొనవచ్చును. ప్రతి విషయమునందును 35 మార్కులు వచ్చిన చాలును.

ఈ ఎంపికలోనే మన యువకులు అధికముగా నష్టపోవుచున్నారు. గణితము కష్టము, ఇంగ్లీషు కష్టము అని ఆ రెండింటిని విడిచి సులభమైన ఐదు విషయములు తీసికొని ఉత్తీర్ణులైనవారు కలరు. వారి పత్రము నిజమైనదే, ఎవరును కాదనరు. అయితే తపాలా సేవకుని ఉద్యోగమునకు గణితమును, ఇంగ్లీషును చదివి ఉత్తీర్ణులై యుండవలెననియు, స్థానిక భాషను పదవ తరగతి వరకు చదివి యుండవలెననియు నిబంధన కలదు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను, ఫిట్టరు శిక్షణకు గణితము, విజ్ఞానశాస్త్రము కావలెను. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు గణితము తప్పనిసరి. కావున ఏ త్రోవ పట్టవలెనో ఇంకను నిశ్చయించుకొనని యువకుడు తెలుగు, ఇంగ్లీషు, గణితము, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము అను ఐదింటిని తీసికొనుటయే మేలు. నలువది యేండ్ల గృహిణి ఒక పత్రము మాత్రమే కోరి చేరుచున్నచో గృహవిజ్ఞానము తీసికొనుటలో తప్పులేదు. దరఖాస్తు పంపుటకు ముందు సభ్యులు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పత్రముతో నీవు ఏమి చేయదలచితివి?

పరీక్షలు ఏడాదికి రెండు పర్యాయములు జరుగును. ఒకసారి చేరినవారికి ఐదు సంవత్సరములలో తొమ్మిది అవకాశములు లభించును. ఐదు విషయములను ఒకేసారి వ్రాయవలెనను నిర్బంధము లేదు. ఉత్తీర్ణులైన విషయము లెక్కలో నిలిచియుండును. తప్పినదానినే మరల వ్రాయవచ్చును. మామూలు బడిలో పదవ తరగతి పరీక్ష తప్పినవారికి, అందు ఉత్తీర్ణులైన ఒకటి రెండు విషయముల మార్కులను ఇక్కడకు మార్చుకొను వీలును కలదు. మిరపకోతలు జనవరినుండి ఏప్రిలు వరకు జోరుగా సాగుననియు, సంవత్సరాంతపు పరీక్ష వేసవికి ముందుగానే వచ్చుననియు గమనించినచో, సుగ్గికి పోవు కుటుంబములకు ఈ విడివిడి పద్ధతి ఎంత ఉపయోగకరమో తెలియును. తొలి పరీక్షకు రాలేనివాడు, ఊరు చేరిన పిమ్మట జరుగు రెండవ పరీక్షలో రెండు విషయములు, మరుసటి యేట మూడు విషయములు వ్రాసి ముగింపవచ్చును. కాని పరీక్ష రుసుము గడువు వాడు మిరప చేనిలో నున్నప్పుడే దాటిపోవచ్చును. ఆ తేదీని గుర్తుంచుకొని ఫోనుద్వారా తెలియజేయు మనుష్యుడొకడు ఊరిలో నుండవలెను.

ఇది గాక, 1989లో కేంద్ర ప్రభుత్వము స్థాపించిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థయు కలదు. దీని మాధ్యమిక పరీక్ష పదవ తరగతితో సమానము. తెలుగు మాధ్యమములోను వ్రాయవచ్చును. ప్రతి విషయమునకు 33 మార్కులు వచ్చిన చాలును. కొంత భాగము మార్కులు ఇంటివద్ద వ్రాసి పంపు అభ్యాసములకు కేటాయింపబడును. ఏటా రెండు పరీక్షలేగాక, ప్రాంతీయ కేంద్రములలో అభ్యర్థి కోరిన దినమున ఒక్కొక్క విషయము వ్రాయు పద్ధతియు ఇందు గలదు. ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మన కూలీలకు ఇది అనువైనది. మన గ్రామములలో నుండువారికి మాత్రము చేరువలోనున్న రాష్ట్ర విద్యాపీఠమే మేలని తోచుచున్నది. ఏలయన ఆదివారపు తరగతి నడచిపోగల దూరములో నున్నచో సగము పని జరిగినట్లే. చదువను వ్రాయను రానివారు మొదట ఉల్లాస్ కార్యక్రమపు అక్షరాస్యతా తరగతులలో చేరవలెను.

ఈ సంస్థల పేర్లను పోలిన పేర్లతో గుర్తింపులేని బోర్డులు కొన్ని దేశమున వ్యాపారము చేయుచున్నవి. పరీక్ష లేకయే పత్రము ఇత్తుమని చెప్పు మధ్యవర్తిని నమ్మరాదు. మరియొకరిచే పరీక్ష వ్రాయించుట, చీటీలు అందించుట 1997 నాటి రాష్ట్ర చట్టము ప్రకారము నేరము. వ్రాసినవాడును, వ్రాయించినవాడును చిక్కుకొందురు. ‘మన పిల్లవాడు గదా’ యని ఊరిపెద్దలే పరీక్షా కేంద్రమునకు పోయి సిఫారసు చేయుట కొన్నిచోట్ల వినవచ్చుచున్నది. అట్టి పెద్దరికము పంచాయతీకి తగినది కాదు.

మరియొక హెచ్చరిక. ఓపెన్ స్కూలు కలదుగదా యని బడియీడు పిల్లలను బడి మాన్పింపరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 సంవత్సరముల వయస్సు పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా నిచ్చినది. తల్లిదండ్రులు వలసపోవునప్పుడు పిల్లలను ఉంచుటకు సీజనల్ హాస్టళ్లును, బడి మానిన బాలికలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములును ఉన్నవి. పదునైదేండ్ల బాలికకు పెండ్లి చేసి, ఇంటినుండి పరీక్ష వ్రాయింతుమని చెప్పువారి మాట పంచాయతీ అంగీకరింపరాదు.

పంచాయతీలు చేయదగిన పనులలో అన్నింటికంటె ముఖ్యమైనది పుట్టిన తేదీకి సంబంధించినది. పదవ తరగతి పత్రములో నున్న పేరు, పుట్టిన తేదీ జీవితాంతము ఆధారముగా నిలుచును. తేదీ తెలియని పెక్కుమందికి ఆధార్ కార్డులో జనవరి 1వ తేదీ వేయబడియున్నది. బడి రికార్డులో వేరొక తేదీ యుండును. ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను ఉండును. ఈ తేడాలతోనే దరఖాస్తు పంపినచో పాస్‌పోర్టువేళ, ఉద్యోగమువేళ చిక్కు కలుగును. గ్రామమున జనన మరణములను నమోదు చేయు అధికారి పంచాయతీ కార్యదర్శియే. జననము నమోదు కానివారి విషయమున ఆలస్యపు నమోదునకు కావలసిన కాగితములు సిద్ధము చేయించి పై అధికారికి పంపించుట, చదివిన బడినుండి రికార్డు షీటు ఇప్పించుట, ఆధార్ సవరింపించుట, ఇవన్నియు దరఖాస్తుల కాలమునకు రెండు మూడు నెలల ముందే జరుగవలెను. అభ్యర్థి ఒంటరిగా తిరిగినచో నాలుగు దినముల కూలి పోవును. సభ్యుడొకడు వెంటనుండి పది మంది కాగితములను ఒకేసారి చూపించినచో అందరికిని మేలగును.

1960 నాటి గ్రంథాలయ చట్టము క్రింద ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయబడుచున్నది. గ్రంథాలయమున్న ఊళ్లలో పరీక్షలకు ముందు రాత్రి తొమ్మిది గంటలవరకు ఒక గదియు దీపమును అభ్యర్థులకు విడుచుట పెద్ద ఖర్చు కాదు. గ్రంథాలయము లేనిచోట పంచాయతీ కార్యాలయపు వసారాయే చాలును.

సభ్యులలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. 2015లో హర్యానా రాష్ట్రము పంచాయతీ ఎన్నికలలో పోటీచేయువారికి విద్యార్హతను విధింపగా సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. రాజస్థాన్ 2014లోనే అట్టి నియమము చేసి, 2019లో రద్దుపరచినది. ఆంధ్రప్రదేశమున అట్టి నిబంధన లేదు; నిరక్షరాస్యులైన సభ్యుల పదవికి భంగము లేదు. అయినను తీర్మానముల పుస్తకమును తామే చదువుకొనగోరు సభ్యులు, ముఖ్యముగా మహిళా సర్పంచులు, ఈ పరీక్షకు చేరుటకు వయస్సు అడ్డు కాదు.

ఫలితములు వచ్చిన పిమ్మట మార్కుల పత్రము చేతికందిన నాడే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, విషయముల పేర్లు ఒక్కొక్కటిగా సరిచూచుకొని, తప్పున్నచో అధ్యయన కేంద్రపు సమన్వయకర్త ద్వారా వెంటనే సవరణకు వ్రాయవలెను.