మంచు ఊరిలో ఇంటికాపు

పోయిన చలికాలమున మా కేంద్రమునకు ఒక శ్రోత నుండి జాబు వచ్చినది. ఆయన ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు. కుమారుడు అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున చదువుకొనుచున్నాడు. అతనికి చదువు చెప్పు ఆచార్యులొకరు సెలవులలో మూడు వారములు ప్రయాణమై పోవుచు, లెడ్‌విల్ అను కొండయూరిలోని తమ ఇంటిని, రెండు కుక్కలను ఇతనికి ఒప్పగింతునన్నారట. "ఇంత చదువు చదివించినది పరుల ఇంటికి కావలి కాయుటకా? కుక్కలకు కూడు పెట్టుటకా?" అని ఆ తండ్రి బాధ. జాబు చివర చిన్న అక్షరములతో మరియొక వాక్యమున్నది: "ఆ చలికి వానికేమగునో యని వాని తల్లి నిద్రపోవుట లేదు." ఈ ప్రసంగమునకు కారణము ఆ చివరి వాక్యమే.

ఇంటివారు లేనప్పుడు మరియొకరు వచ్చి ఆ ఇంటనే ఉండి, ఇంటిని, పెంపుడు జంతువులను కనిపెట్టుకొని యుండుటను పాశ్చాత్యులు హౌస్ సిట్టింగ్ అందురు. పేరు కొత్తదే గాని పని మనకు కొత్తది కాదు. కాశీయాత్రకు పోవుచు తాళపుచెవి ప్రక్కింటివారి చేతబెట్టి, గేదెకు కుడితి పెట్టుమనియు, తులసికోటలో చెంబెడు నీళ్లు పోయుమనియు చెప్పి పోవుట మన పల్లెలలో ఎరుగనివారెవరు? భేద మొక్కటే. మన ఇల్లు ఆరు నెలలు తాళము వేసియున్నచో దుమ్ము పట్టును, బూజు పట్టును. అంతకు మించి చెడదు. మంచు ఊరిలో వెచ్చదనము లేక విడిచిన ఇల్లు కొన్ని రాత్రులలోనే తన్ను తాను పగులగొట్టుకొనును.

లెడ్‌విల్ సముద్రమట్టమునకు 10,152 అడుగుల ఎత్తున, అనగా సుమారు 3,094 మీటర్ల ఎత్తున ఉన్నది. తిరుమల కొండకు మూడు రెట్లకు మించిన ఎత్తు. పందొమ్మిదవ శతాబ్దమున వెండి గనుల వలన ఒక్కమారుగా పెరిగిన ఊరది. వెండి ధర పడిపోయిన పిమ్మట ప్రజలను మరల రప్పించుటకై ఊరివారు అయిదెకరముల స్థలమున మంచుగడ్డలతో ఒక మహాభవనము కట్టి, 1896 జనవరి 1వ తేదీన తెరచినారు. మార్చి నెలాఖరుకు అది కరగసాగినది, మూసివేసినారు. మంచుతో ఇల్లు కట్టినవారి ఊరిలో మంచు నుండి ఇల్లు కాపాడుట ఎట్లో ఇక చూతము.

జనవరి రాత్రులలో అక్కడ చలి సున్నకు దిగువన 15 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పోవుట వింత కాదు. గోడలలోని నీటి గొట్టములే ఆ ఇంటికి ప్రాణము, అపాయమును. నీరు గడ్డకట్టునప్పుడు సుమారు నూటికి 9 వంతులు ఉబ్బును. గొట్టములో ఒకచోట మంచు బిరడావలె పట్టినదనుకొనుడు. ఆ బిరడాకును మూసియున్న కొళాయికిని నడుమ చిక్కిన నీటికి పోవుదారి లేదు. మంచు పెరిగిన కొలది ఆ నీటిపై ఒత్తిడి పెరిగి, తుదకు గొట్టము పగులును. పగిలిన సంగతి వెంటనే తెలియకపోవచ్చును. మంచు కరగినప్పుడు గదా నీరు పారును! అందుచేత ఇంటివారు తిరిగి వచ్చి వెచ్చజేసిన నాడే కప్పు నుండి నీరు కారుట మొదలగును.

ఉపాయములు మాత్రము మిక్కిలి సులభమైనవి. ఇంటిలో ఎవరున్నను లేకున్నను వేడి 13 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గనీయరాదు. చలి ముదిరిన రాత్రి, బయటి గోడనంటి యున్న కొళాయిని సన్నని ధారగా విడువవలెను. నీరు వృథా యగుచున్నదని మన ఇల్లాండ్రకు మనసు పీకును గాని, ఆ ధార వలన లోపలి ఒత్తిడి తగ్గును. తొట్టి క్రింది అలమర తలుపులు తెరచియుంచినచో గది వెచ్చదనము గొట్టములకు సోకును. వీటన్నిటికంటె ముందు, ఇంటిలోనికి నీరు వచ్చు ముఖ్యమైన వాల్వు ఎక్కడున్నదో యజమాని వెళ్లకమునుపే చూచి, ఒకసారి త్రిప్పి చూడవలెను. గొట్టము పగిలిన వేళ దీపము పట్టుకొని వెదకుటకు వ్యవధి యుండదు.

మంచు కురిసిన ప్రతి ఉదయమును ఇంటి చుట్టు నొకమారు తిరిగి రావలెను. వేడి పుట్టించు ఫర్నేసు పొగగొట్టము మంచులో పూడినచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ఇంటిలోనికి తిరుగును. దానికి రంగు లేదు, వాసన లేదు. హెచ్చరిక గంట పని చేయుచున్నదో లేదో తొలినాడే పరీక్షింపవలెను. తల్లి భయపడవలసినది చలికంటె దీనికి.

ఇక కుక్కల మాట. మహాప్రస్థానమున హిమాలయము దాటిన ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడువననెను. ఆ మంచులో దాని పాదములెట్లుండెనో భారతము చెప్పలేదు. మంచు ఊరిలో కుక్కను సాకువాడు మాత్రము ముందుగా చూడవలసినవి పాదములే. బోసికాళ్లతో మంచుపై నడచు కుక్క పాదము గడ్డకట్టకుండుటకు కారణమును 2011లో జపాను పరిశోధకులు వివరించినారు. పాదమునకు వెచ్చని నెత్తురు తెచ్చు నాళములును, చల్లబడిన నెత్తురు కొనిపోవు నాళములును ఒకదానినొకటి పెనవేసికొని యున్నవి. పైకి పోవు చల్లని నెత్తురు దారిలోనే వెచ్చబడి శరీరమును చేరును. ప్రకృతి చేసిన ఈ ఏర్పాటునకును హద్దు కలదు. కుక్క వణకుచున్నను, ఒక్కొక్క కాలే ఎత్తి నిలుచుచున్నను, ఇక చాలునని దాని భాష. చిన్న కుక్కయు, పొట్టి బొచ్చు కుక్కయు త్వరగా చల్లబడును. బయటినుండి వచ్చిన ప్రతిసారియు వేళ్ల సందుల గట్టిపడిన మంచుండలను తీసి, పాదములను గోరువెచ్చని నీట కడిగి తుడువవలెను. దారులపై మంచు కరుగుటకు చల్లిన ఉప్పు పాదమును మండించును. కుక్క దానిని నాకిన కడుపును చెరచును.

అంతకంటె ఘోరమైనది మోటారుకారులో నీరు గడ్డకట్టకుండ పోయు ద్రవము. అందులోని ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా నుండును. కారిన నాలుగు చుక్కలు కనబడినను కుక్క నాకవచ్చును. మూత్రపిండములు చెడి ప్రాణము పోవును. చికిత్స కలదు గాని కొద్ది గంటలలో జరుగవలెను. కనుక పశువైద్యుని ఫోను సంఖ్య గోడపై వ్రాసియుంచవలెను.

మనవారికి ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి. ఆ ఎత్తున నీరు సుమారు 90 డిగ్రీలకే మరగును. కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతసేపటికిని మెత్తబడదు. ప్రెషర్ కుక్కరు తప్పదు. అంత శ్రమపడి వండిన పప్పులో నాలుగు మెతుకులు కలిపి కుక్కకు పెట్టుట మన అలవాటు. అక్కడైనను ఇక్కడైనను ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురులోని ఎర్రకణములను చెరచును. పాయసములోని కిస్మిస్ దాని మూత్రపిండములకు హాని చేయును. ప్రేమతో పెట్టితిమన్నంత మాత్రమున విషము అమృతము కాదు.

మంచు ఊరివారు చెప్పిన గాని తోచని చిక్కు మరియొకటి యున్నది. కంచె ఎత్తు అయిదడుగులని నిశ్చింతగా నుండరాదు. గాలికి కొట్టుకొనివచ్చిన మంచు కంచె ప్రక్కన మూడడుగులు పేరుకొనినచో, కుక్కకు మిగిలిన ఎత్తు రెండడుగులే. యజమాని కొరకు బెంగపడిన కుక్క ఆ మెట్టెక్కి వెదకుకొనుచు పోగలదు. అందుకే పార ఇంటి ముంగిట కెంత అవసరమో కంచె ప్రక్కన కంత అవసరము.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదను. విద్యార్థి వీసాతో పోయినవారు ఆ దేశమున అనుమతి లేని పని చేయరాదు. రొక్కము తీసికొనలేదని ఊరుకొనుటకు వీలు లేదు. పనికి మారుగా నిచ్చిన బసయు ప్రతిఫలముగా లెక్కింపబడవచ్చును. ఒప్పుకొనుటకు ముందే విశ్వవిద్యాలయమున విదేశీ విద్యార్థుల వ్యవహారములు చూచు కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను. ఆ తండ్రికి నేను వ్రాసిన ప్రత్యుత్తరములో మొదటి వాక్యమిదే. కుమారుడు అప్పటికే అడిగి, సమ్మతి పొందియుండెనట.

ఫిబ్రవరిలో రెండవ జాబు వచ్చినది. ఒక రాత్రి కరెంటు పోయి ఫర్నేసు ఆగినదట. ఇల్లు చల్లబడుచుండగా పిల్లవాడు ముఖ్యమైన వాల్వు కట్టి, కొళాయిలన్నియు తెరచి గొట్టములలోని నీటిని దింపివేసి, కుక్కలను రెండింటిని తన దుప్పటిలోనికి పిలుచుకొని తెల్లవార్చినాడు. ఉదయము కరెంటు వచ్చినది. ఒక్క గొట్టమును పగులలేదు. మొదటి జాబులో లేని కుక్కల పేర్లు రెండును ఈ జాబులో ఉన్నవి. క్రింద తల్లి చేతివ్రాతతో ఒక ప్రశ్న: ఉల్లిపాయ వేయని పప్పైతే వాటికి పెట్టవచ్చునా యని. పెట్టవచ్చునమ్మా. కొద్దిగా, ఉప్పు కారములు లేకుండ. పోపులో వెల్లుల్లి కూడ ఉండరాదు.