మూడో కంప్యూటర్‌కి ఏటైంది?

కంప్యూటర్ గదిలో మూడో దాని మీద "పాడైంది" అని చీటీ అంటించి ఉంది గదా. దాన్ని వెనక్కి పంపించేస్తారంట. పంపే ముందు లోపల ఏం జరుగుతుందో చూడొచ్చు. అందుకు పిఎస్‌యుటిల్ అనే లైబ్రరీ ఉంది. లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాములు, మనం పైథాన్‌లో రాసేటప్పుడు పిలిచి వాడుకుంటాం. ఇటలీకి చెందిన జియాంపాలో రొడోలా గారు మొదలుపెట్టారు. 2009లో మొదట విడుదలైంది. డబ్బులు కట్టక్కర్లేదు.

ఇది సొంతంగా ఏమీ కొలవదు. మన కంప్యూటర్లలో ఉన్న లైనక్స్‌లో "ప్రాక్" అనే ఫోల్డరుంది. అందులో ఫైళ్లు డిస్కులో ఉండవు! మనం చదవబోతే లైనక్స్ అప్పటికప్పుడు లెక్క రాసి ఇస్తాది. పిఎస్‌యుటిల్ అవి చదివి మనకి చెప్తుంది.

సీపీయూ ఎంత పని చేస్తుందని ఆగకుండా అడిగితే మొదటిసారి 0.0 అంటాది. అది నమ్మకూడదు. కరెంటు మీటరు ఒక్కసారి చూస్తే ఈ నెల ఎంత కాలిందో తెలుస్తుందా? పోయిన నెల అంకె తీసెయ్యాలి. ఇక్కడా అంతే, రెండుసార్లు చూసి తేడా తీస్తేనే శాతం వస్తుంది. ఒక సెకను ఆగమని రాస్తే చాలు.

మెమరీ లెక్కే అసలైనది. పలాస నుంచి టెక్కలి వెళ్లే బస్సు ఎక్కారనుకోండి. ఖాళీ సీట్లు రెండే. కానీ ఉద్దానం అమ్మలు కొబ్బరికాయల సంచులు పెట్టిన సీట్లు ఇంకో ఐదున్నాయి. "జరగండమ్మా" అంటే సంచి కిందికి దించుతారు. అంటే ఏడుగురు కూర్చోవచ్చు. లైనక్స్ కూడా చదివిన ఫైళ్లని మిగిలిన మెమరీలో ఉంచుకుంటాది, అడిగితే ఖాళీ చేస్తాది. అందుకే "ఫ్రీ" అనే అంకె తక్కువుంటే భయం లేదు, "అవైలబుల్" అనేదే చూడాలి.

శనివారం కంప్యూటర్ సారుతో కలిసి మూడో దానిలో చూశాం. సీపీయూ 6 శాతమే. 2 జీబీ మెమరీలో అవైలబుల్ 90 ఎంబీ. చోటు చాలనప్పుడు లైనక్స్ కొంత సామాను డిస్కులోకి మారుస్తాది, డిస్కు నెమ్మది, అందుకే బిగుసుకుపోతుంది. ఏ ప్రోగ్రాం ఎంత తింటుందో కూడా పిఎస్‌యుటిల్ పేర్లతో చెప్పింది. బ్రౌజరే ఎక్కువ. అది మూసేస్తే అవైలబుల్ 1100 ఎంబీకి పెరిగింది, టైపింగ్ బాగా నడిచింది.

వార్డెన్ మేడమ్ గారూ, దయచేసి ఆ చీటీ తీయించండి. ఇంకో మెమరీ ముక్క వేయిస్తే బ్రౌజర్ కూడా నడుస్తాది. ఇరవై ఏడు మందిమి, ఇప్పుడు నడిచేవి రెండే.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని